మెట్ల మీద మాట

ఊళ్ళో సగంమందిని విమానాలెక్కించిన మనిషికి, తీరా తాను ఎక్కాక బెల్టు పెట్టుకోవడం రాలేదు. పక్క సీటాయన పెట్టిచ్చాడు. దీపం కింద చీకటి అంటే ఇదే మరి. టికెట్ల ఆఫీసులో ఆమెను అందరూ టికెట్టమ్మ అనేవాళ్ళు. ఎక్కడ దిగితే ఎటు తిరగాలో, ఏ గేటుకి పరుగెత్తాలో, ఏ గేటుకి కాఫీ తాగి తాపీగా పోవచ్చో కళ్ళు మూసుకుని చెప్పేది. ముసలివాళ్ళొస్తే, మొహమాటపడకుండా చక్రాల కుర్చీ అడగండని మరీమరీ చెప్పి పంపేది. వాళ్ళు తిరిగొచ్చి మిఠాయి పెట్టేవాళ్ళు. ఆ మిఠాయి తిని మళ్ళీ ఇంకొకరికి టికెట్టు చేసేది. ఉద్యోగమంతా అలాగే గడిచింది.

ఆమె కుర్చీకి ఎదురుగా గోడ మీద ఒక పోస్టరు ఉండేది. ఏటవాలుగా పైకెక్కే వీధి, మధ్యలో పట్టాల మీద పసుపు రంగు ట్రాము, రెండు పక్కలా సున్నం వెలిసిన ఇళ్ళు. వీధి పైకంటా వెళ్ళి ఎడమకి మలుపు తిరుగుతుంది. అక్కడితో పోస్టరు అయిపోతుంది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్క ఒకసారి ఆఫీసుకొచ్చింది. అప్పటికి అక్కకి చూపు ఉంది. బట్టల దుకాణానికి జాకెట్లు కుట్టి ఇచ్చి, ఇంటికి పోతూ చెల్లెలి కుర్చీ ఎలా ఉందో చూద్దామని తొంగిచూసింది. కుర్చీని ఒక్క క్షణం చూసి, పోస్టరుని చాలాసేపు చూసింది.

"ఆ మలుపు దాటాక ఏముంటుందే?" అంది.

తెలియదంది చెల్లెలు. ఎప్పుడైనా వెళ్ళి చూసొచ్చి చెప్పమంది అక్క, నవ్వుతూనే. అక్క ఆ మాట మరిచిపోయి ఉండొచ్చు. చెల్లెలు మాత్రం మరవలేదు. పోస్టరు రంగు వెలిసి, ట్రాము పసుపు కాస్తా పాలిపోయినా, ఆ మలుపు ఆమె తలలోంచి పోలేదు.

అమ్మా నాన్నా ముందూ వెనకా పోతే చెల్లెలిని చదివించింది అక్క కుట్టుమిషనే. అక్క పెళ్ళి మాట ఎత్తలేదు. చెల్లెలికి ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి గానీ ఆమే వద్దంది. మనిద్దరి నోళ్ళకీ తట్టుకునే మగాడు ఇంకా పుట్టలేదులే అని అక్క తేల్చేసింది. మేడ మీద వాటాలో ఇద్దరూ హాయిగా పోట్లాడుకుంటూ బతికారు. తర్వాత షుగరు వచ్చి అక్క కళ్ళను కొంచెం కొంచెంగా తినేసింది. చివరికి దారంలోకి సూది ఎక్కించుకుంటున్నానని అక్క తన మీద తానే వేళాకోళమాడింది. ఆ మర్నాడు మిషను మీద గుడ్డ కప్పేసింది.

చేతికర్ర కొనిస్తే మూలన పెట్టింది. నీ గొంతుండగా నాకు కర్రెందుకంది. అప్పట్నుంచి చెల్లెలు ఇంట్లో ఉన్నంతసేపూ వసపిట్టలా వాగుతూనే ఉండాలి. అక్కా, వంటింట్లో ఉన్నాను. అక్కా, మంచం దగ్గర బట్టలు మడతపెడుతున్నాను. అక్కా, ఇలా రా, టీ అయింది. గొంతు ఎక్కడుంటే అక్కడిదాకా దారిలో బకెట్టు గానీ స్టూలు గానీ అడ్డం ఉండదు. అది ఇద్దరి మధ్యా ఒప్పందం. అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తలెత్తుకుని ఆ గొంతు వెంట నడిచొచ్చేది. కొత్తవాళ్ళెవరైనా చూస్తే ఆమెకు చూపు లేదంటే నమ్మేవాళ్ళు కాదు.

ప్రయాణం మాట ఇంతకుముందు రెండుసార్లు ఎత్తింది చెల్లెలు. రెండుసార్లూ అక్క, "వెళ్ళిరావే, నాకేం?" అంది. ఆ పూట నుంచే కంచంలో మెతుకులు మిగలడం మొదలయ్యేది. ఆకలిలేదనేది, నోరు చేదనేది. ప్రయాణం దగ్గరపడేసరికి ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకుంటూ ఉండేది. పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళని అందరం చూశాం. ఉండమనలేక పస్తుండే మనిషి ఈవిడ ఒక్కతే. రెండుసార్లూ టికెట్టమ్మ తన టికెట్టు తానే రద్దు చేసుకుని, మర్నాడు ఆఫీసులో ఆ పోస్టరు ఎదురుగా కూర్చుంది. కోపం రాలేదంటే అబద్ధం. చాలా కోపం వచ్చింది, దిగమింగింది.

మూడోసారి అక్కకి చెప్పలేదు. బాబాయి కూతురిని పిలిపించింది. మాటలాపదు కాబట్టి ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళు. ఇప్పుడు నలభై దాటినా పేరు అదే. ఇద్దరూ కూర్చుని కథ అల్లారు. టికెట్టమ్మకి అంటుకునే జ్వరం వచ్చింది. షుగరున్న మనిషి దగ్గరికి వెళ్ళకూడదని డాక్టరు చెప్పాడు. ముందుగదిలో పడుకుంటుంది, సాయంత్రం టీ వేళకి మాత్రం వంటింట్లోంచి మాట్లాడుతుంది, అక్క గుమ్మం బయట స్టూలు మీద కూర్చుని వినాలి. అంటే వంటింటి అలమరలో ఉప్పు డబ్బా పక్కన పిచ్చుక ఫోను పెడుతుంది, దాంట్లోంచి చిన్నక్క గొంతు వస్తుంది. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. వీళ్ళు బాగానే అతికించారు. ఏ మాత్ర ఎప్పుడు, ఇంజెక్షను ఏ పక్కన, స్నానానికి నీళ్ళు ఎంత వేడి అన్నీ పిచ్చుక చెవులు చిల్లులు పడేలా చెప్పి, అక్క నిద్రలో ఉండగా టికెట్టమ్మ పెట్టె పట్టుకుని మెట్లు దిగింది. చెప్పకుండా వెళ్ళడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

దిగిన ఊళ్ళో ఆమె గది ఒక లాండ్రీ దుకాణం పైన. ఇరుకు మంచం, మూలన చేతులు కడుక్కునే తొట్టి, కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో గోడ. కింద మిషన్లు తిరుగుతుంటే మంచం కోళ్ళు సన్నగా వణికేవి. ఇంతకాలం కలలుగన్నది ఈ వణుకుడు మంచం కోసమా అని మొదటిరోజు నవ్వుకుంది. రెండోరోజు నవ్వు రాలేదు. తెల్లారి లేచి, తొట్టి దగ్గర మొహం కడుక్కుంటూ, "అక్కా, మొహం కడుక్కుంటున్నాను" అని పైకే అంది. గోడ ఏమీ అనలేదు. చెప్పుకోవడానికి ఎవరూ లేని ఊళ్ళో తానెక్కడుందో తనకే తెలియనట్టు అయిపోయింది. కూర్చుని ఏడ్చింది. తర్వాత సిగ్గేసి, కోటు తొడుక్కుని బయటికి నడిచింది.

మెట్లు దిగుతుంటే లాండ్రీ యజమానురాలు బుట్టతో ఎదురొచ్చింది. ఎర్రటి చేతుల లావుపాటి మనిషి, నవ్వుతూ ఏదో పలకరించింది. పలకరింపేనని ఏ భాషలోనైనా తెలుస్తుంది. టికెట్టమ్మ బదులివ్వకుండా, కనీసం నవ్వకుండా దిగిపోయింది. కిందికొచ్చి, గడప దాటి, అప్పుడు వెనక్కి తిరిగి నమస్కారం పెట్టింది. ఆవిడ మొహం అప్పటికే ముడుచుకుపోయింది.

ఎందుకలా చేశానని రోడ్డు మీదికి వచ్చాక ఆలోచించుకుంటే గుర్తొచ్చింది. అక్కకి చూపు పోయిన కొత్తలో, తాను కూరగాయల సంచితో మెట్ల మధ్యలోంచే, అక్కా వచ్చేశానని కేకేసింది. వాళ్ళ వాటాకి మెట్లు వంటింటి అవతలి తలుపు దగ్గరే మొదలవుతాయి. గొంతు వినగానే అక్క నవ్వుకుంటూ బయల్దేరి, వంటిల్లు దాటి, తలుపు దాటి, ఒక కాలు గాల్లో పెట్టేసింది. తలుపు రెక్క చేతికి అందబట్టి బతికిపోయింది. ఆ రోజు నుంచి చెల్లెలు మెట్ల మీద నోరు మెదపదు. ఎంత తొందరున్నా పైకొచ్చి, గడప దాటి, లోపల నిలబడి అప్పుడు పిలుస్తుంది. పాలవాడు మెట్ల మీద అరిచినా, పక్కవాటావాళ్ళు పోట్లాడుకున్నా ఫరవాలేదు, అక్క కదలదు. ఆమె కాళ్ళు కదిలేది ఒక్క గొంతుకే.

పరాయి దేశం మెట్ల మీద కూడా నోరు కట్టేసుకున్నానే అని టికెట్టమ్మకి తన మీద తనకే ముచ్చటేసింది. ఊపిరి పీల్చినంత అలవాటైన సంగతి కాబట్టి పిచ్చుకకి చెప్పాలని ఆమెకు తోచనే లేదు. అప్పుడు తోచలేదు, ఇంతా తల్చుకుని నవ్వుకున్నప్పుడు కూడా తోచలేదు.

ఇంటి దగ్గర సాయంత్రం టీ వేళకి ఇక్కడ పొద్దు బారెడు ఎక్కి ఉండేది. రోజూ ఆ వేళకి ఏ గోడ వారనో నిలబడి ఫోను చేసేది. పిచ్చుక ఫోను అలమరలో పెట్టినప్పుడు ఉప్పు డబ్బా కదిలిన చప్పుడు, పొయ్యి మీద నీళ్ళు మరిగే చప్పుడు వినిపించేవి. ఆ చప్పుళ్ళు వింటే ప్రాణం కుదుటపడేది. ఒక్కటే చిక్కు, ఇటు మాట అటు చేరడానికి కొంచెం ఆలస్యమయ్యేది. నీ జ్వరం చెవులకి కూడా పాకిందా, ఒక్కో మాటకి ఇంతసేపు ఆలోచిస్తున్నావని అక్క ఎద్దేవా చేసింది. ఒకసారి పక్కనుంచి ట్రాము గంట కొట్టుకుంటూ పోయింది. అదేం గంట అంది అక్క. సైకిలు గంటని పిచ్చుక అడ్డుపడింది.

"ఇంత పెద్ద సైకిలు ఎవడు కొన్నాడే?" అంది అక్క, అంతే, ఇంకేమీ అడగలేదు.

అన్నం తింటోందా అని టికెట్టమ్మ పిచ్చుకని విడిగా అడిగేది. కంచం ఖాళీ చేస్తోందని, నిన్న మారు కూడా వడ్డించుకుందని పిచ్చుక చెప్పింది. చెల్లెలికి ఒకపక్క సంతోషం, ఇంకోపక్క మంట. నేను వెళ్తానంటే తిండి మానేసే మనిషి, పక్కగదిలో జ్వరంతో పడున్నానంటే మాత్రం మారు వడ్డించుకుంటోందన్నమాట అనుకుంది.

ఆ వీధి దొరకడం అంత తేలిక కాలేదు. పోస్టరు చింపి తెచ్చుకుంటే చిరిగిపోతుందని ఫోనులో ఫోటో తీసుకొచ్చింది. అది చూపిస్తే ఒకరు అటన్నారు, ఒకరు ఇటన్నారు. ఏటవాలు వీధులు ఆ ఊరి నిండా ఉన్నాయి. మోకాళ్ళు పట్టేశాయి. మెత్తటి రొట్టె కొనుక్కుని బల్ల మీద కూర్చుని తింటుంటే, ఇందుకా వచ్చానని మళ్ళీ దిగులు కమ్మింది. చివరికి ఒక ట్రాము కండక్టరు ఫోటో చూసి, తన ట్రాములోనే ఎక్కించుకుని, ఒకచోట దింపి వేలు చూపించాడు.

అదే వీధి. పసుపు ట్రాము లేదు, పట్టాల మీద తారు పోసేశారు. రెండు పక్కలా కార్లు నిలిపి ఉన్నాయి. ఇళ్ళకి సున్నం మళ్ళీ వేశారు, ఆ కొత్తదనం ఆమెకు నచ్చలేదు. అయినా అదే వీధి, పైన అదే మలుపు. పైకి నడిచింది. సగం దారిలో టీ వేళ గుర్తొచ్చి ఫోను చేసింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. చిన్నక్కా, ఇక్కడ సరిగా వినపడట్లేదు, ఉండు, బయట బాగా వస్తుంది అని పిచ్చుక అంది. ఏదో తలుపు కిర్రుమంది. ఇక్కడ పెడుతున్నా, పాలు పొంగుతున్నాయి, ఇప్పుడే వస్తానంది. సరేనంది టికెట్టమ్మ. ఆమె ధ్యాసంతా మలుపు మీద ఉంది.

మలుపు తిరిగింది.

అవతల వీధి లేదు. ఉన్నట్టుండి తెగిపోయి, రాతి మెట్లయిపోయింది. మెట్లు కిందికి, ఇంకా కిందికి, ఇళ్ళ మధ్యలోంచి వెళ్ళి నీళ్ళలో దిగిపోయాయి. నీళ్ళంటే సముద్రమే. ఎండలో అంత సముద్రం ఒక్కసారిగా ఎదురయ్యేసరికి ఆమెకు ఒళ్ళు తెలియలేదు. జ్వరం మాట, అబద్ధం మాట, వంటింటి మాట అన్నీ ఎగిరిపోయాయి. ఇన్నేళ్ళుగా అక్క ప్రశ్నకి జవాబు ఇది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. మొదటి మెట్టు మీద నిలబడి, చిన్నపిల్లలా గొంతెత్తి పిలిచింది.

"అక్కా! అక్కా, ఇలా రా! ఏముందో చూడు, ఇలా రా!"

ఫోనులో నిశ్శబ్దం. తర్వాత ఆమె గొంతే ఆమెకు తిరిగి వినిపించింది. ఇలా రా, ఇలా రా అని బోలుగా, గుయ్యిమంటూ. వంటింట్లో గొంతు అలా మోగదు. వంటింట్లో గిన్నెలుంటాయి, డబ్బాలుంటాయి, మాటను పీల్చుకుంటాయి. ఈ మోత ఆమెకు తెలుసు. సంచి బరువుతో, నోరు మూసుకుని, ఏళ్ళ తరబడి ఎక్కిన మెట్ల మోత. ఆ మోతకి దగ్గరగా రబ్బరు చెప్పులు నడిచొస్తున్న చప్పుడు. తడబాటు లేని నడక, తలెత్తుకుని వచ్చే నడక.

"ఆగు! అక్కా, ఆగు!"

అరిచింది, కానీ మాట అటు చేరాలిగా. ముందు చెయ్యి గోడని రాసుకున్న చప్పుడు వచ్చింది. తర్వాత ఒక బరువైన చప్పుడు, దాని వెంట ఇంకొకటి, కిందికి, ఇంకా కిందికి. అన్నీ ఆగిపోయాక అప్పుడు ఆ మెట్ల మీద ఆమె గొంతు మోగింది. అక్కా, ఆగు అని. అది మోగడం ఆమె చెవులారా వింది. ఆ తర్వాత పిచ్చుక ఏడుపు.

సముద్రం అలాగే ఉంది. ఎవరో ముసలాయన కుక్కని నడిపించుకుంటూ ఆమె పక్కనుంచి మెట్లు దిగి వెళ్ళాడు.

విమానాశ్రయంలో టికెట్టు మార్చే కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి ఆమె మొహం చూసి ఎందుకని అడగలేదు. గుడ్‌మార్నింగ్ చెప్పలేదు. కాగితపు రుమాలు ముందుకి జరిపి, ఏ ఊరికి అని మాత్రం మెల్లగా అడిగింది. టికెట్టమ్మకి ఆ గొంతు తెలుసు. చావు కబురు విని పరుగెత్తుకొచ్చినవాళ్ళ కోసం ఈ వృత్తిలో వాళ్ళు దాచుకునే గొంతు అది. తానూ ఆ గొంతుతోనే ఎంతోమందికి సీటుందని చెప్పింది. ఇవతలి పక్క నిలబడి వింటే అది ఇంత చల్లగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అక్క పోయింది. ఆ కబురు చెప్పాక పిచ్చుక ఇంకోటి కూడా చెప్పింది. చెప్పకపోతే తాను బతకలేనంది.

"పెద్దక్కకి మొదటిరోజే తెలుసు, చిన్నక్కా. లేవగానే అడిగింది, అది వెళ్ళిపోయిందిగా, ఇంట్లో దాని చెప్పుల చప్పుడు లేదని. నేను ఒప్పేసుకున్నా. పెద్దక్కేమో నాకు తెలిసిందని దానికి చెప్పకే, ఈసారైనా దాన్ని తిరగనీ అంది. నువ్వు అడుగుతావని అన్నం బలవంతాన తినేది. రోజూ టీ టైముకి ముందే వచ్చి స్టూలు మీద కూర్చునేది, నీ గొంతు వినడానికి. నేను పాలు దించి తిరిగేసరికే తలుపు దాటేసింది. ఫోనని తెలుసు కదా, మరెందుకలా లేచి వెళ్ళింది?"

ఎందుకు వెళ్ళిందో టికెట్టమ్మకి తెలుసు. తెలియడం తలకి, కాళ్ళకి కాదు. ఇలా రా అని ఆ గొంతు పిలిస్తే అక్క కాళ్ళు రాకుండా ఉన్నది ఏనాడూ లేదు. ఆ అబద్ధం అసలు అక్కర్లేకుండా పోయిందన్నదే ఆమెను ఎక్కువగా కోసింది. ఎదురుగా నిలబడి, అక్కా, వెళ్ళొస్తానే అని ఒక్కమాట చెప్పి బయల్దేరి ఉంటే, ఫోను అక్క ఒళ్ళోనే ఉండేది. మలుపు అవతలి సముద్రం సంగతి మంచం మీద కూర్చునే వినేది. ఒకరి కోసం ఒకరు మంచితనం నటించుకుని, ఇద్దరూ కలిసి ఈ పని చేసుకున్నారు. విమానంలో ఆమె బెల్టు తానే పెట్టుకుంది.

ఇల్లు చేరేసరికి అన్నీ అయిపోయాయి. నా కోసం ఆపకండని ఆమే చెప్పింది. అక్క మొహాన్ని చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది, అది నిజం. మెట్లని ఎవరో రుద్ది కడిగారు, ఇంకా తడి ఆరలేదు. పై మెట్టు మీద పిచ్చుక మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. పెట్టె చప్పుడు విని తలెత్తి, ఏదో చెప్పబోయింది. టికెట్టమ్మ వేలు పెదాల మీద పెట్టి, వద్దన్నట్టు తల ఊపింది. పిచ్చుక నోరు మూసుకుంది.

పెట్టె గోడకి తగలకుండా ఎత్తిపట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కింది. పిచ్చుకని దాటింది. గడప దాటింది. ఉప్పు డబ్బా అలమరలోనే ఉంది, గుమ్మం బయట స్టూలు వేసే ఉంది. దారికి అడ్డంగా ఎవరో పెట్టిన బకెట్టుని తీసి గోడవారకి జరిపింది. అప్పుడు నిలబడి, మామూలు గొంతుతో చెప్పింది.

"అక్కా, వంటింట్లో ఉన్నాను."